ఉప్పు ఊట

ప్రతి గురువారం సాయంత్రం తీమెన్ భోజనం నీలికొంగ హోటల్లోనే. ఆ రోజు అతని భార్య ఫ్రౌకె చర్చిలో పాటల సాధనకు వెళ్లేది. వెళ్తూ వెళ్తూ, బంగాళదుంపలు ఉడికించి పెట్టాననీ వేడి చేసుకు తినమనీ చెప్పేది. అతను సరేననేవాడు. ఆమె సైకిలు మలుపు తిరగ్గానే టోపీ తగిలించుకుని బయటపడేవాడు. మర్నాడు పొద్దున్న ఆ దుంపలు కాలువలో బాతుల పాలయ్యేవి. ఈ సంగతి ఫ్రౌకెకి మొదటి నెలలోనే తెలిసింది. ముప్పై ఏళ్ల కాపురంలో మొగుడికి ఆ మాత్రం దొంగతనం ఉండనివ్వాలని ఊరుకుంది.

నీలికొంగ ఊరి చివరి పేటలో, మందుల షాపుకీ సైకిళ్లు బాగుచేసే దుకాణానికీ మధ్య ఉంది. పెద్ద ఆర్భాటమేమీ లేని హోటలు. బల్లల మీద కాగితపు రుమాళ్లు, ఒక డబ్బాలో చైనా పుల్లలు, పక్క డబ్బాలో ఫోర్కులు. నడిపేది లియన్ అనే నలభై అయిదేళ్ల ఆవిడ. ఆమె పుట్టింది రోటర్‌డామ్‌లో. తల్లిదండ్రులు జావా దీవిలోని చైనావాళ్లు. అందుకని ఆమె వంటకు ఒక ఊరంటూ లేదు. ఆకుకూర వేసి మెదిపిన బంగాళదుంపల మీద కొబ్బరిపాలలో గంటల తరబడి మగ్గిన గొడ్డుమాంసం పెట్టేది. పొగబెట్టిన పాముచేపను జపాను నూడుల్స్ మీద పరిచేది. పచ్చి హెరింగ్ చేపకు ఉల్లిపాయలతో పాటు ఎర్రమిరపకాయల సంబల్ పచ్చడి ఇచ్చేది. మొదట్లో ముక్కు విరిచినవాళ్లే తర్వాత పిల్లల పుట్టినరోజులు అక్కడ చేయడం మొదలుపెట్టారు. సాయంత్రం ఆరింటికల్లా బస్సు డ్రైవర్లు, ఆసుపత్రి నర్సులు, ఫుట్‌బాల్ ఆడి బురదకాళ్లతో వచ్చిన పిల్లలు, వాళ్ల తల్లులు కలిసి హాలు నిండిపోయేది.

ఒక్క మూల బల్ల మాత్రం నిండేది కాదు.

నిజానికి హోటల్లో అందరికంటే మంచి చోటు అదే. రెండు వైపులా కిటికీలు, ఎదురుగా కాలువ, వెలుతురు. కొత్తవాళ్లు నేరుగా దాని దగ్గరికే వెళ్లి కూర్చునేవాళ్లు. కాసేపటికి గొంతులు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు. ఇంకాసేపటికి అసలు మాట్లాడుకునేవాళ్లు కాదు. పళ్లెం సగంలో వదిలేసి, కొంచెం ఉప్పు ఎక్కువైందని మర్యాదగా చెప్పి లేచిపోయేవాళ్లు. లియన్ ఆ పళ్లేల్లోది రుచి చూసేది. నోట్లో పెట్టలేనంత ఉప్పు. అదే గిన్నెలోంచి పక్క బల్లకి పోసిన పులుసు కమ్మగా ఉండేది. వంటింట్లో ఉప్పు డబ్బాలు మార్చింది, గిన్నెలు మార్చింది, చివరికి వంటవాణ్ణి కూడా మార్చింది. ఏం చేసినా మూల బల్ల మూల బల్లే.

ఆ బల్ల కింద నేల ఎప్పుడూ తడిగా ఉండేది. ప్లంబరు రెండుసార్లు వచ్చి పలకలు లేపి చూశాడు. గొట్టాలు పొడిగా ఉన్నాయి. ఇది ఊట అమ్మా అన్నాడు. ఈ ఊరంతా సముద్రం అడుగు, గట్టు వేసి తోడేశాం కదా, కింద నీళ్లకి ఇంకా పాత అలవాటు పోలేదని నవ్వి, డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. గోడ మీద నడుం ఎత్తున ఒక గీత ఉండేది, ఆటుపోట్లు తాకే రేవు గోడల మీద ఉంటుందే, అలాంటిది. లియన్ ఏటా వసంతంలో రంగు వేయించేది. చలికాలానికల్లా గీత మళ్లీ పైకి తేలేది.

తొమ్మిదేళ్లుగా తీమెన్ కూర్చునేది ఆ బల్ల దగ్గరే. తెచ్చిపెట్టినది మెతుకు మిగల్చకుండా తినేవాడు. ఒకసారి లియన్ ఉండబట్టలేక అడిగింది.

"తీమెన్ గారూ, మొహమాటపడకండి. ఉప్పుగా లేదూ?"

"ఉంది," అన్నాడు తీమెన్.

"మరి ఎలా తింటున్నారు?"

"అలవాటేనమ్మా. సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి."

అది అబద్ధం కాదు. అలాగని జవాబూ కాదు.

తీమెన్ పుట్టిన ఊరిని అందరూ దీవి అంటారు. అతను పుట్టేనాటికే దాని చుట్టూ సగం సముద్రాన్ని తోడేసి నేలలో కలిపేశారు. అయినా ఊరివాళ్లు దీవి అనే అంటారు, అక్కడి ముసలాళ్లు ఎండిన పొలాల వైపు చూపించి ఇప్పటికీ 'నీళ్లలో' అంటారు. తండ్రీ తాతా చేపలు పట్టినవాళ్లు. తీమెన్‌కి పడవ మీద వాంతులయ్యేవి. ఇరవై రెండో ఏట పోల్డర్‌లో, అంటే అలా సముద్రాన్ని తోడి తీసిన నేలలో, పొక్లెయిన్ నడిపే పనికి కుదిరాడు. తాతలు వలలు వేసిన చోట మురుగు గొట్టాలు వేస్తావా అని తండ్రి ఏడాది పాటు అతనితో మాట్లాడలేదు.

నీలికొంగ ఉన్న ఈ ఊరు అప్పుడప్పుడే లేస్తోంది. ఎటు చూసినా బురద, రెల్లు, కొలతల కర్రలు. డెబ్బై ఎనిమిది ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, మురుగు కాలువ తవ్వుతుంటే యంత్రం తొట్టె దేనికో తగిలింది. రాయి తగిలితే చప్పుడు ఒక రకం, చెట్టు మొద్దుకు ఒక రకం. ఇది రెండూ కాదు. తీమెన్ యంత్రం ఆపి గోతిలోకి దిగాడు. ఓక్ పలకలు, నల్లగా, నిన్న తారు పూసినట్టున్నాయి. సరుకులు మోసే పాత పడవ. ఆ రోజుల్లో అలాంటివి పోల్డర్‌లో దొరుకుతూనే ఉండేవి. పలకల మధ్య ఇటుకలు పేర్చిన పొయ్యి ఉంది, దాని మీద మూడు కాళ్ల ఇనప కుండ, కుండకి మూత పెట్టే ఉంది. పొయ్యి పక్కన ఒక మనిషి మోకాళ్లు ముడుచుకుని ఒత్తిగిలి పడుకుని ఉంది. ఎముకలు టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. పక్కటెముకలకీ మోచేతికీ మధ్య ఇంకో చిన్న తల ఉంది. నారింజపండు కంటే కాస్త పెద్దది.

తీమెన్ అక్కడే బురదలో మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. పీట్ మట్టిగడ్డలు కాల్చిన పొగ వాసన వస్తోందని అనిపించింది. చుట్టుపక్కల ఎక్కడా మంట లేదు.

మేస్త్రీ పేరు క్లోస్టర్మన్. చెడ్డవాడేం కాదు. గోతి అంచున నిలబడి సిగరెట్టు కాలుస్తూ చాలాసేపు చూశాడు. కబురు పెడితే పురావస్తు శాఖ వాళ్లు వచ్చి తాడు కడతారని, ఆరు వారాలు పని ఆగిపోతుందని, పదకొండు మంది ఇళ్లలో కూర్చోవాల్సి వస్తుందని నెమ్మదిగానే చెప్పాడు. తర్వాత అన్నాడు:

"వాళ్లు మూడొందల ఏళ్లు ఆగార్రా అబ్బాయ్. వాళ్లకేం తొందర లేదు. కప్పెయ్."

కాలువను రెండు మీటర్లు పక్కకి జరిపారు. ఇసుక తోసింది తీమెనే. మొదటి తొట్టె ఇసుక పడగానే కుండ మూత కదిలి ఖణేలుమంది. యంత్రం హోరులో అది వినపడటానికి వీల్లేదు. అతనికి వినపడింది.

జాలరి కొడుకు కనక ఒక పని మాత్రం చేశాడు. నీళ్లలో వల పోతే ఆ చోటు మళ్లీ దొరకడానికి దీవిలో వాళ్లు ఆనవాళ్లు పట్టుకుంటారు. అతనూ చుట్టూ చూసి పట్టుకున్నాడు. పంపింగ్ స్టేషన్ పొగగొట్టం అవతలి ఒడ్డున చర్చి శిఖరానికి సరిగ్గా ముందు నిలబడితే అది ఒక గీత. కరెంటు టవర్ల వరసలో మూడోది నాలుగోదాన్ని కప్పేస్తే అది రెండో గీత. ఆ రెండూ కలిసే చోట ఆమె ఉంది. ఎందుకు పట్టుకున్నాడో అతనికే తెలియదు. మళ్లీ రావాలని మాత్రం కాదు.

తర్వాత ఆ నేల మీద ఇళ్లు లేచాయి, చెట్లు పెరిగాయి. తీమెన్ పెళ్లి చేసుకుని అదే ఊళ్లో ఇల్లు తీసుకున్నాడు. ఆ పేట వైపు పని పడితే వేరే దారిన తిరిగి వెళ్లేవాడు. నీలికొంగ ఉన్న చోట మొదట ఒక రొట్టెల దుకాణం ఉండేది, తర్వాత వీడియో షాపు, తర్వాత గోళ్లకి రంగులేసే చోటు. ఏదీ నాలుగేళ్లు నిలవలేదు. తొమ్మిదేళ్ల కిందట ఒక గురువారం వాన జోరుకి చుట్టుదారి పట్టక అక్కడ ఆగి, ఇంటికి పట్టుకెళ్లడానికి కూర పెట్టి వేయించిన లుంపియా చుట్టలు నాలుగు చెప్పి, ఖాళీగా ఉంది కదా అని మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తే రెండు అపార్టుమెంట్ల సందులో పొగగొట్టం కనపడింది. దాని వెనక చర్చి శిఖరం. తల తిప్పి రెండో కిటికీలోంచి చూశాడు. మూడో టవరు ఒక్కటే ఉంది, దాని వెనక నాలుగోది కనపడలేదు.

కాళ్లకి చల్లగా తగిలింది. వంగి చూస్తే బూట్ల చుట్టూ నీళ్లు చేరి ఉన్నాయి. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. గట్టు కట్టి ఎనభై ఏళ్లవుతోంది, పక్కనున్న చెరువులో నీళ్లు మంచినీళ్లు. ఇవి మాత్రం తాత చెప్పిన పాత సముద్రం నీళ్లు.

ఆ వారం నుంచి ప్రతి గురువారం వస్తూనే ఉన్నాడు. పెట్టింది పూర్తిగా తినడమే తను చేయగలిగింది అనుకునేవాడు. అంతకు మించి ఆలోచించేవాడు కాదు.

తొమ్మిదో ఏడు అక్టోబరులో లియన్ తల్లి వచ్చింది. పేరు స్వీ నియో. ఎనభై నాలుగేళ్ల మనిషి, గుప్పెడంత ఉంటుంది. భర్త పోయాక కూతురి దగ్గరికి చేరింది. పగలంతా గల్లా పక్కన ఎత్తు కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వచ్చేపోయేవాళ్లని చూస్తూ ఉండేది. వచ్చిన మూడో రోజునే కూతుర్ని పిలిచి, ఆ మూల కూర్చున్నవాళ్లకి ఎవరూ ఏమీ పెట్టరేమని అడిగింది. అక్కడెవరూ లేరమ్మా అంది లియన్. ముసలామె కూతురి మొహం చూసింది. లేచి వంటింట్లోకి వెళ్లి, ఒక పెద్ద గిన్నెలో, రెండు చిన్న గిన్నెల్లో అన్నం, పులుసు పోసి పట్టుకొచ్చి ఆ బల్ల మీద పెట్టింది.

అప్పటినుంచి అది రోజూ జరిగేది. గంట తర్వాత తీసుకెళ్లి కాలువలో పోసేది. వచ్చినవాళ్లు చూస్తున్నారని లియన్ గొడవపడింది. తల్లి వినలేదు.

ఆ గురువారం తీమెన్ వచ్చేసరికి గిన్నెలు మూడూ బల్ల మీద ఉన్నాయి. ఎవరో కూర్చున్నారనుకుని వెనక్కి తగ్గాడు. స్వీ నియో కుర్చీ దిగి వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది.

"కూర్చో అబ్బాయ్. నువ్వు వాళ్ల మనిషివే కదా."

అతనికి అరవై రెండేళ్లు. అబ్బాయ్ అని పిలిచేవాళ్లు పోయి చాలా కాలమైంది. కూర్చున్నాడు. ఆమె కూడా ఎదురు కుర్చీలో కాకుండా పక్కన, అంచు మీద కూర్చుంది. ఎదురు కుర్చీని ఖాళీగా ఉంచింది.

"ఎన్నాళ్లయింది వీళ్లిక్కడుండి?" అని అడిగింది.

"ఎవరు?"

"పొయ్యి వెలిగించింది, అన్నం పెట్టలేదు. ఆ తల్లి అదే చెబుతోంది. నీకు తెలీదూ?"

నలభై ఏళ్లలో తీమెన్ పొయ్యి సంగతి ఎవరికీ చెప్పలేదు. క్లోస్టర్మన్ పోయాడు. ఆనాటి పదకొండు మందిలో మిగిలింది తనొక్కడే. ముసలామె అతని మొహంలోకి చూడలేదు, ఎదురు కుర్చీ వైపే చూస్తోంది. దారిన పోయే చుట్టం మాట వింటున్నట్టు మధ్యమధ్యలో తలూపుతోంది. పెద్ద గిన్నెలో పులుసు మీద నూనె బొట్లు మెల్లగా ఒక వైపుకి జరిగాయి, అలల మీద బల్ల వాలినట్టు. పక్క బల్ల మీద గ్లాసులో నీళ్లు కదల్లేదు.

అతను లేచి, టోపీ అక్కడే మరిచిపోయి బయటికి వచ్చేశాడు.

రెండు గురువారాలు నీలికొంగకి వెళ్లలేదు. మొదటి గురువారం ఫ్రౌకె పెట్టిన బంగాళదుంపలు వేడి చేసుకుని తిన్నాడు. ఉప్పు. ఫ్రౌకెకి రక్తపోటు, ఇంట్లో ఉప్పు చిటికెడే వేస్తారు. మర్నాటి రొట్టె ఉప్పు. కాఫీ ఉప్పు. తన నోరే చెడిందనుకున్నాడు. రెండో వారం ఫ్రౌకె అతని పళ్లెంలోంచి ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలి, ఆగి, మళ్లీ తన పళ్లెంలోది తిని చూసింది. రెండూ ఒకే గిన్నెలోవి. ఆమె పళ్లేలు మార్చింది. కాసేపు ఇద్దరూ తిన్నారు. అతని ముందుకు వచ్చిన పళ్లెం కూడా ఉప్పగా మారింది.

అప్పుడు ఫ్రౌకె ఫోర్కు కింద పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆమెదీ దీవే. ఆమె తాతలిద్దరూ నీళ్లలో పోయినవాళ్లే, ఒకాయన శవం కూడా దొరకలేదు.

"తీమెన్, ఏం చేశావు?" అంది.

అతను మొదటినుంచీ చెప్పాడు. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు, అదే అతనికి వింతగా తోచింది. నలభై ఏళ్లు మోసిన సంగతి పదినిమిషాల్లో అయిపోయింది. ఫ్రౌకె కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నది. ఆమెకి కోపం వస్తుందనుకున్నాడు, కానీ ఆమె గొంతు చిన్నదైపోయింది.

"మా నాయనమ్మ చచ్చేదాకా రోజూ తలుపు గడియ తీసి ఉంచేది, తెలుసా? ఆయన దొరుకుతాడని. నువ్వు దొరికినవాళ్లని పాతేశావా?"

"మేస్త్రీ చెప్పాడు."

"తొట్టె తిప్పింది ఎవరు?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. లేచి పళ్లేలు కడిగింది. ఆ వారం ఆమె పాటల సాధనకి వెళ్లలేదు. గురువారం మధ్యాహ్నం మూడింటికి కోటు వేసుకుని, పద అంది.

హోటలు ఇంకా తెరవలేదు. లియన్ బల్లలు తుడుస్తోంది, ఆమె తల్లి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తీమెన్‌ని చూసి గల్లా కింద నుంచి అతని టోపీ తీసి ఇచ్చింది, వెనక ఫ్రౌకె ఉండటం చూసి తెల్లబోయింది. తొమ్మిదేళ్లుగా ఈ పెద్దమనిషికి ఎవరూ లేరనే ఆమె అనుకుంటోంది. నలుగురూ మూల బల్ల దగ్గర కూర్చోలేదు, పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. తీమెన్ ఇంకోసారి చెప్పాడు. ఈసారి కుండ మూత చప్పుడు గురించి కూడా చెప్పాడు. అది ఇంట్లో చెప్పలేకపోయాడు.

లియన్ విని గుడ్డని మడతలు పెడుతూ కూర్చుంది. పురావస్తు శాఖకి కబురు పెడితే నేల తవ్వుతారు. నేల తవ్వితే హోటలు మూసేయాలి. దయ్యాలున్నాయన్న మాట బయటికి పొక్కితే మళ్లీ తెరిచినా ఎవరొస్తారు? ఆ మాటే అంది.

"నా పదేళ్ల కష్టమండీ ఇది. ఇంకో దారి లేదా? మా అమ్మ రోజూ పెడుతూనే ఉంది కదా."

ముసలామె చిక్కుడుకాయల గిన్నె పక్కకి జరిపింది. కూతురితో తమ భాషలో ఏదో అంది. లియన్ తల వంచుకుంది. ఆమె ఏమందని ఫ్రౌకె అడిగితే, లియన్ చెప్పింది: "మనం పెట్టేది తినడానికి వాళ్లకి చెయ్యి ఖాళీ లేదంట. పైన ఇంత బరువుంటే గిన్నె ఎలా పట్టుకుంటారు, ఇసుక తీయండి అంటోంది."

అప్పుడే మూల బల్ల దగ్గర ఖాళీ కుర్చీ కిర్రుమంది, ఎవరో బరువు మార్చుకుని కూర్చున్నట్టు. నలుగురూ విన్నారు. ఎవరూ అటు తిరిగి చూడలేదు. లియన్ లేచి వెళ్లి ఫోను తెచ్చింది.

పురావస్తు శాఖ తరఫున ఇనెకె అనే ఆవిడ వచ్చింది. పొడుగ్గా, పొట్టి జుట్టుతో, ఎప్పుడూ మోకాళ్ల మీద మట్టితో ఉండే మనిషి. తీమెన్‌ని తిడుతుందేమోనని ఫ్రౌకె భయపడింది. ఇనెకె తిట్టలేదు. ఎక్కడ అని మాత్రం అడిగింది. అతను ఆమెని కిటికీ దగ్గర నిలబెట్టి పొగగొట్టాన్ని, శిఖరాన్ని, టవర్లని చూపించాడు. జనవరిలో హోటలు సగానికి తెర కట్టి పలకలు లేపారు. ఆరు వారాలని క్లోస్టర్మన్ అన్న మాట దాదాపు నిజమే అయింది, ఏడు పట్టింది.

ఆ ఏడు వారాలూ తీమెన్ రోజూ వచ్చి గోతి అంచున మడత కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎవరూ పొమ్మనలేదు. లియన్ మిగతా సగంలో వంట చేసి తవ్వేవాళ్లకి నూడుల్స్ పెట్టేది. మొదట బిగుసుకుని ఉన్నా, కొన్నాళ్లకి ఆమె కూడా అంచు దాకా వచ్చి చూసేది. గోతిలో నీళ్లు ఊరుతూనే ఉండేవి, పంపు ఆపకుండా నడిచేది. ఇనెకె ఆ నీళ్లు పరీక్షకి పంపింది. వచ్చిన కాగితం చూసి నొసలు ముడిచి మడిచి జేబులో పెట్టుకుంది. ఏముందని అడిగితే, ఇలాంటి నీళ్లు ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఎక్కడా లేవని, యంత్రం తప్పు చూపించి ఉంటుందని అంది.

మూడో వారం పలకలు తేలాయి. నాలుగో వారం పొయ్యి. తీమెన్ చెప్పినట్టే కుండ ఉంది, మూత పక్కకి ఒరిగి ఉంది. లోపల ఇసుక. ఆమె అలాగే ఒత్తిగిలి ఉంది. మోచేతి కింద బిడ్డ. ఇనెకె చిన్న బ్రష్షుతో ఆమె వీపు వెనక మట్టి తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది.

"మీరు ఒక బిడ్డ అన్నారు కదా," అంది తల ఎత్తకుండా.

"ఒక్కటే. ముందువైపు."

"వెనక ఇంకొకళ్లున్నారు. ఐదారేళ్ల పిల్ల. అమ్మ నడుం పట్టుకుని ఉంది."

తీమెన్ తల తిప్పి చూశాడు. తెర అవతల స్వీ నియో ఎత్తు కుర్చీలో కూర్చుని ఎప్పటిలాగే ఈనెలు తీస్తోంది. ఇనెకె మాట వినపడేంత దగ్గర కాదు, అయినా చేతులు ఆపింది. మూడు గిన్నెల్లో రెండో చిన్న గిన్నె ఎవరికోసమని ఈ మూడు నెలల్లో ఒక్కరూ అడగలేదు. ఏదో వాళ్ల ఆచారమనుకున్నారు.

మార్చిలో వాళ్లని పూడ్చారు, దీవిలోని చర్చి స్మశానంలో, సముద్రం వైపు వరసలో. పేర్లు తెలియవు కనక రాయి మీద ఏమీ చెక్కలేదు. ఫ్రౌకె పాటల బృందం అంతా వచ్చింది. వాన లేదు, గాలి మాత్రం విపరీతంగా ఉంది, ఫాదరు చదివేది ఎవరికీ వినపడలేదు. స్వీ నియో చిన్న సంచిలో అన్నం మూటలు తెచ్చి మట్టి మీద పెట్టింది. దీవివాళ్లు చాదస్తపు మనుషులు, ఇంకో రోజైతే ఒప్పుకునేవాళ్లు కారు. ఆ రోజు ఒక ముసలి జాలరి వంగి, గాలికి ఎగిరిపోకుండా మూటల మీద ఒక గులకరాయి పెట్టాడు.

నీలికొంగ ఏప్రిల్‌లో మళ్లీ తెరిచారు. నేల పొడిగా ఉంది. జనం తగ్గలేదు సరికదా, పేపర్లో చూసి వేరే ఊళ్లనుంచి కూడా వచ్చారు. మూల బల్ల దగ్గర కూర్చోవాలని పోటీపడ్డారు. లియన్‌కి అది నచ్చలేదు, ఆ బల్ల తీసేసి ఒక అరటి మొక్క కుండీ పెట్టింది. తీమెన్ నోటికి రుచి తిరిగొచ్చింది. ఇప్పుడు గురువారాలు ఫ్రౌకె కూడా పాటల సాధన అయ్యాక వచ్చి, అతని పళ్లెంలోంచి పల్లీల ముద్దతో కాల్చిన మాంసం ముక్కలు ఏరుకుని తినేది. తనకిలాంటివి పడవంటూనే తినేది.

మే నెలలో ఒక సాయంత్రం ఇనెకె వచ్చి వాళ్ల బల్ల దగ్గరే కూర్చుంది. నివేదిక రాస్తోందట. కొన్ని తేదీలు అడిగింది, యంత్రం ఎన్ని మీటర్లు తవ్విందో అడిగింది. రాసుకోవడం అయ్యాక పుస్తకం మూయబోతూ, పెద్ద ఆలోచన లేకుండానే అడిగినట్టు అడిగింది, ఆ రోజుల్లో ఇంకెక్కడైనా ఇలాంటివి తగిలాయా అని.

తీమెన్ నమలడం ఆపాడు. ఫ్రౌకె అతని వైపు చూసింది.

భోజనాల వేళ పాకలో కూర్చుని పదకొండు మందీ చెప్పుకునే మాటలు అతనికి గుర్తున్నాయి. ఒకరు తవ్వింది ఒకరికి చెప్పుకునేవాళ్లు, నవ్వుతూనే. జాలరి కొడుకు కదా, ఎవరు ఏ చోటని చెప్పినా ఆనవాళ్లు పట్టుకునేవాడు. పట్టుకోకుండా ఉండటం అతనికి చేతనయ్యేది కాదు.

"మ్యాపు ఉందా?" అన్నాడు.

ఇనెకె సంచిలోంచి ఊరి మ్యాపు తీసి పళ్లేలు జరిపి పరిచింది. అతను పెన్ను తీసుకున్నాడు. ఈత కొలను దగ్గర ఒక చుక్క పెట్టాడు. బడి వెనక ఒకటి. రైలు పట్టాల పక్కన తోటల్లో రెండు. పెన్ను ఇంకా కదులుతూనే ఉంది. లియన్ టీ తెచ్చి, పెట్టడానికి చోటు లేక చేతిలోనే పట్టుకుని నిలబడింది.

మర్నాడే ఇనెకె కారు తెచ్చింది. మొదట వెళ్లింది ఆ తోటల వైపు. మంచి ఎండ. ఎర్ర ఇటుకల ఇల్లు, ముందు ఊదారంగు పూలు, తాడు మీద బట్టలు ఆరుతున్నాయి. గేటు దగ్గర నిలబడి తీమెన్ అలవాటుగా చుట్టూ చూశాడు. మంచినీళ్ల ట్యాంకు వెనక వంతెన కమాను ఒక గీత, పొగగొట్టం వెనక కరెంటు టవరు ఇంకో గీత. ఆ రెండూ కలిసే చోటు ఆ ఇంటి పెరట్లో ఎడమ మూలన, ఉయ్యాల పక్కన పడింది.

ఇంటావిడ బట్టల బుట్ట నడుముకి ఆనించుకుని బయటికొచ్చింది. ఎవరు కావాలని అడిగింది. ఇనెకె కార్డు చూపించి, ఊరి పాత నేల గురించి చూస్తున్నామని ఏదో మెత్తగా చెప్పింది. తీమెన్ కళ్లు ఆ మూల మీదే ఉండటం గమనించి ఆవిడ నవ్వింది.

"ఆ మూలేనా? మా కుక్క కూడా అట్లాగే చూస్తుందండీ. పదేళ్లయింది, అటు వైపు ఒక్కసారి పడుకున్న పాపాన పోలేదు."

తీమెన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, లోపలికి రావచ్చా అమ్మా అని అడిగాడు.